పరిగె గింజలతో దాసోహము చేసిన తల్లి ఆయ్దక్కి లక్కమ్మ

పేదవారిని గూర్చి లోకములో పాతుకొనిపోయిన తలంపులు కొన్ని కలవు. పేదవాడు సోమరి గనుకనే పేదవాడయ్యెననునది మొదటిది. చేతికి అందినంత తీసికొనుటయే గాని, చాలుననుట యెరుగడనునది రెండవది. పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట అతనికి తెలియదనునది మూడవది. పూటకూటికి వెదకుకొనువానికి జ్ఞానవిచారముతో పని యేమియనునది నాలుగవది. పూర్వజన్మ కర్మమును అనుభవించుచున్నాడు గావున ఇతరులు చేయగలిగినది లేదనునది అయిదవది.

ఈ తలంపులు నేడు పుట్టినవి కావు. 12వ శతాబ్దిలో కల్యాణపట్టణమునందును ఇవి యుండెను. వీనికి గ్రంథములు వ్రాసి సమాధానము చెప్పినవారు వేరు. తన ఇంటి పొయ్యి, తన చేతి కొలత, తన భర్తకు చెప్పిన ఒక్క మాట, ఇవియే సమాధానముగా నిలిపిన ఇల్లాలు ఒకతె ఆ పట్టణములో నివసించెను. ఆమెయే శివశరణి ఆయ్దక్కి లక్కమ్మ. ఆమె భర్త ఆయ్దక్కి మారయ్య.

ఆయ్దక్కి యనునది ఇంటిపేరు కాదు. వృత్తిని బట్టి వచ్చిన పేరు. కన్నడమున ఆయ్దు అనగా ఏరి, అక్కి యనగా బియ్యము. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట ఆ దంపతుల కాయకము. కోతలైన పొలములో మిగిలిన వెన్నులను, గింజలను ఏరుకొనుటను తెలుగు పల్లెలలో పరిగె ఏరుట యందురు. పాలమూరు సీమలో వేరుశనగ పీకిన చేలలో కాయల కొరకు మట్టిని వెదకు తల్లులను, పిల్లలను చూచినవారికి ఈ వృత్తిని వర్ణించి చెప్పనక్కరలేదు.

జన్మభూమి

లక్కమ్మ మారయ్యల స్వగ్రామము అమరేశ్వరము. అది నేటి కర్ణాటక రాష్ట్రములో, రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలో నున్నది. ఆ ఊరి దేవుడైన అమరేశ్వరుని పేరే వారి వచనములకు ముద్రయైనది. మారయ్య అమరేశ్వరలింగమను అంకితముతో వచనములు చెప్పెను. లక్కమ్మ ఆ అంకితమునకు భర్త పేరును చేర్చి, మారయ్యప్రియ అమరేశ్వరలింగమని చెప్పుకొనెను.

ఈ ఊరు తెలుగువారికి పరాయిది కాదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగు వరకు గద్వాల, అలంపురము తాలూకాలు ఆ రాయచూరు జిల్లాలోనివే. ఆ సంవత్సరముననే అవి మహబూబునగరు జిల్లాలో చేరెను. రాయచూరు సీమను తాకుచు వచ్చిన కృష్ణానదియే గద్వాల సీమను తడుపుచు పారుచున్నది. నదికి ఉత్తరముగా వనపర్తి, నాగర్‌కర్నూలు, తిమ్మాజిపేట ప్రాంతములు కలవు. లక్కమ్మ కాలమున ఈ పాలమూరు సీమ కూడ కల్యాణ చాళుక్యుల ప్రాబల్యములో, వారి సామంతులైన కందూరు చోడుల పాలనలో నుండెను. నదికి ఆవల కన్నడము, ఈవల తెలుగు. అయినను మెట్టపంటలు, వానకై ఎదురుచూచు కన్నులు, జొన్నరొట్టెయు రెండు వైపుల ఒక్కటియే. లక్కమ్మ ఎరిగిన పేదరికము ఇట్టి నేలలోని పేదరికము.

కల్యాణమునకు ప్రయాణము

ఆ కాలమున కలచురి బిజ్జలుడు కల్యాణమును ఏలుచుండెను. బసవేశ్వరుడు అతని కొలువులో భండారిగా నుండి, శివానుభవ గోష్ఠికి అనుభవమంటపమును నెలకొల్పెను. అల్లమప్రభువు ఆ మంటపమున శూన్యసింహాసనమును అధిష్ఠించెను. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య అచ్చట ఒకే వరుసలో కూర్చుండిరి. రాజ్యమందలి తక్కిన సభలలో ఇట్టివారికి నిలుచుటకైనను చోటులేని కాలమది. ఆ కీర్తిని విని లక్కమ్మ మారయ్యలు అమరేశ్వరము వీడి కల్యాణము చేరిరి.

బసవేశ్వరుని మార్గమునకు రెండు కన్నులు కాయకము, దాసోహము. కాయకమనగా శరీరశ్రమతో, సత్యముతో చేయు జీవనవృత్తి. దాసోహమనగా ఆ శ్రమఫలమును గురులింగజంగములకు, సమాజమునకు సేవాభావముతో అర్పించుట. కాయకము చేయని భక్తుడు లేడు. దాసోహము చేయజాలని భక్తుడును లేడు. ఈ రెండవ మాటయే పేదవానికి గొప్ప గౌరవము తెచ్చినది. దానము చేయుటకు ధనము కావలయును గావున అది ధనికుల ధర్మమేయని లోకము తలచుచుండగా, శ్రమించు ప్రతి మనుష్యుడును దాత కాగలడని శరణులు నిరూపించిరి.

కాయకమును కైలాసముతో సమానము చేసిన ప్రసిద్ధ సూత్రము నేడు బసవేశ్వరుని పేరున సభలలో వినబడుచున్నది. అయితే ఆ భావము ఆయ్దక్కి మారయ్య వచనములో కనబడును. వీరశైవమునకు కీర్తి తెచ్చిన ఆ మాట మహామంత్రి నోట గాక, నేల మీది బియ్యమును ఏరుకొని బ్రతికిన శరణుని నోట వెలువడినది. పేదవారికి తత్త్వవిచారముతో పనిలేదనువారు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నను చాలును.

ఒక వృత్తికి రెండు పేర్లు

గింజలేరుట నీచమను భావము ఎట్లు కలిగెనో ఆలోచింపదగినది. ప్రాచీన గ్రంథములలో దీనికి ఉంఛవృత్తియని పేరు. మహాభారతము అశ్వమేధపర్వమునందలి సక్తుప్రస్థుని కథ తెలుగువారికి సుపరిచితము. కురుక్షేత్రములో ఉంఛవృత్తితో జీవించు ఒక విప్రుని కుటుంబము, కరవుకాలమున తమకున్న కొద్దిపాటి పిండిని అతిథికి అర్పించెను. ఆ పిండి రాలిన చోట పొర్లిన ముంగిస దేహము సగము బంగారమయ్యెను. మిగిలిన సగమును బంగారము చేసికొనగోరి ధర్మరాజు అశ్వమేధమునకు వెళ్లిన ఆ ముంగిసకు అచ్చట నిరాశయే మిగిలెను. ఆ విప్రుడు ఏరిన గింజలను లోకము తపస్సనెను. అదే పని పొలముగట్టు మీది కూలిపిల్ల చేసినప్పుడు దొంగతనమని కసరుకొనెను. పని ఒక్కటియే, గింజ ఒక్కటియే. చేయువాని పుట్టుకను బట్టి పేరు మారినది. లక్కమ్మ మారయ్యలు ఆ పనికి కాయకమని మూడవ పేరు పెట్టిరి. ఈ పేరు పుట్టుకను అడుగదు. చేతుల శుద్ధిని మాత్రమే అడుగును.

ఇతర దేశములలోను ఈ ప్రశ్న తలయెత్తినది. కోతవేళ పొలము అంచులను పూర్తిగా కోయరాదనియు, రాలిన వెన్నులను పేదలకు, పరదేశులకు విడువవలయుననియు యూదుల ప్రాచీన ధర్మము శాసించెను. ఇంగ్లండులో అనాదిగా సాగిన ఆ వాడుక పేదలకు చట్టబద్ధమైన హక్కు కాదని 1788లో అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పెను. రాలిన గింజ దయాభిక్షమా, న్యాయమైన పాలా యను తగవు ఎల్ల దేశములదియు.

దినచర్య

మహామనెయని పేరుపొందిన బసవేశ్వరుని గృహమునందు నిత్యము జంగమదాసోహము జరుగుచుండెను. బియ్యమును తెచ్చునప్పుడు, చెరుగునప్పుడు కొన్ని గింజలు ముంగిట రాలుట సహజము. ఆ గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని బాగుచేసి, వండి, లింగమునకు అర్పించి, జంగములకు వడ్డించి, మిగిలిన ప్రసాదమును భర్తతో గూడ స్వీకరించుట లక్కమ్మ నియమము.

ఈ జీవనమునందు ముఖ్యమైనది కొలత. ఆనాటి దాసోహమునకు ఎంత కావలయునో అంతయే తేవలెను. రేపటికి దాచుట లేదు. తక్కువైనచో ఇంకొక్క గడియ శ్రమింపవచ్చును. ఎక్కువ తెచ్చుట మాత్రము నియమభంగము. తీరికలేనంత సంపద గలవాడు కొలత మరచిపోవచ్చును. పేద ఇల్లాలు మరువదు. గంపలో ఎన్ని గింజలున్నవో, కడవలో ఎంత నీరున్నదో, పండుగకు ఎన్ని దినములున్నవో ఆమెకు ఎల్లప్పుడు తెలియును. పేదవారికి ముందుచూపు లేదనువారు పేద ఇంటి వంటగదిని చూచి యుండరు.

ఒకనాడు మారయ్య అనుభవమంటపమునకు వెళ్లి అల్లమప్రభువుతో తత్త్వగోష్ఠిలో మునిగిపోయెను. ప్రొద్దెక్కెను. కాయకవేళ మించుచుండెను. లక్కమ్మ అది గమనించి, కాయకము ఆగిపోయినదని భర్తకు గుర్తుచేసెను. ప్రభువు సన్నిధి గొప్పదే. కాని ఎంత గొప్ప గోష్ఠియైనను పనిని ఎగవేయుటకు సాకు కారాదని ఆమె నిశ్చయము. మారయ్య వెంటనే లేచి పనికి వెళ్లెను. సోమరితనమును గూర్చి పేదలకు నీతులు చెప్పువారు ఈ ఘట్టమును చూడవలెను. ఇచ్చట ప్రభుసన్నిధిలో నున్న భర్తను పనికి పంపినది ఒక పేద స్త్రీ.

ఎక్కువైన బియ్యము

లక్కమ్మ చరిత్రకు హృదయమువంటి ఘట్టము దీని తరువాత వచ్చును. ఈ దంపతుల నిష్ఠను గూర్చి విన్న బసవేశ్వరునకు వారిని పరీక్షింపవలెనను తలంపు కలిగెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆనాడు ముంగిట మామూలు కంటె ఎక్కువ బియ్యము రాలునట్లు ఏర్పాటు జరిగెను. మారయ్య ఎప్పటివలె ఏరెను. గింజలు విస్తారముగా నున్నందున తెలియకయే ఎక్కువ చేరెను. ఆ మూటతో అతడు ఇంటికి వచ్చెను.

లక్కమ్మ మూట విప్పి చూచెను. ఇతర ఇండ్లలోనైనచో ఆనందముతో స్వాగతింపవలసిన సమయము. ఆమె మాత్రము నిలదీసెను. ఒక మనసుతో తేవలసినది రెండు మనసులతో తెచ్చినట్లున్నదని అభిప్రాయపడెను. ఇది మారయ్య మనసున పుట్టిన ఆశయా, లేక బసవన్న మనసున పుట్టిన అనుమానమా యని అడిగెను. ఆశ రాజులకు తగును గాని శివభక్తులకు ఏలయని ప్రశ్నించెను. ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను తిరిగి పంపెను. మారయ్య మారుమాటాడక ఆ పని చేసెను.

ఈ ఘట్టములో సాధారణముగా కొనియాడబడునది లక్కమ్మ నిరాశాభావము. అది ఉచితమే. కాని ఆమె ప్రశ్నలోని రెండవ సగమును పాఠకులు విడువరాదు. ఆమె భర్తను మాత్రమే అడుగలేదు. ఇచ్చినవానిని కూడ అడిగెను. పేదవాని ముందు ఎక్కువ గింజలు చల్లి అతడేమి చేయునో చూడవలెనను కోరిక ఎచ్చట నుండి పుట్టెను? అతడు ఆశపడునేమోయను అనుమానము నుండి కదా! ధనికుని ముంగిట ఎవరును అట్టి పరీక్ష పెట్టరు. పేదవాడే నిత్యము తన నిజాయితీని నిరూపించుకొనవలెను. నిజముగా ఆకలిగొన్నాడా, నిజముగా పనిచేయునా, ఇచ్చిన ధనమును త్రాగుడుకు వెచ్చించునా యని అడుగువారు అడుగుచునే యుందురు. కల్యాణమున సర్వాధికారము గల భండారిని గూర్చి గింజలేరు ఇల్లాలు ఈ ప్రశ్న వేయుటయు, ఆ ప్రశ్నను అపరాధముగా గాక శరణవాక్యముగా సమాజము భద్రపరచుటయు, బసవధర్మమునకే తగిన సంగతి.

బసవేశ్వరుడు తన తలంపునకు సిగ్గుపడి, ఆ దంపతుల భక్తికి తలవంచెనని పెద్దలు చెప్పుదురు. అతని గొప్పతనము పొరపాటు లేకుండుటలో గాక, పేదవారి నుండి నేర్చుకొనుటలో నున్నది. మోళిగ మారయ్య చరిత్రయు ఇట్టిదే. కట్టెలమోపు అమ్మి జంగమదాసోహము చేయు ఆ శరణుని ఇంట బసవేశ్వరుడు ఎవరికిని తెలియకుండ బంగారు నాణెములను ఉంచి వచ్చెను. మోళిగయ్య వానిని ఒక్కటి యైనను ఉంచుకొనక జంగములకు పంచిపెట్టెను. అతని దాసోహమునకు అతని కట్టెలమోపు చాలును. అతనికి కొరతయున్నదని తలచినవాడు దాతయే. రెండు కథలలోను కరుణ గల మహాపురుషుడే పేదయింటి లెక్కను తప్పుగా వేసెను. రెండింటను అతని లెక్కను దిద్దినది ఆ పేదయిల్లే.

దాత యైన పేద ఇల్లాలు

తరువాతి ఘట్టము మరింత ఆశ్చర్యకరము. బసవేశ్వరుని, అతని వెంటనుండు జంగమ సమూహమును తమ ఇంటికి ప్రసాదమునకు ఆహ్వానింపుమని లక్కమ్మ భర్తను ప్రోత్సహించెను. మారయ్య సంకోచించెను. గింజలేరుకొని తెచ్చు ఇంట అంతమందికి ఎట్లు పెట్టుటయని అతని భయము. చిత్తశుద్ధితో కాయకము చేయు భక్తుని ఇంటికి లక్ష్మి తానే వచ్చునని లక్కమ్మ ధైర్యము చెప్పెను. 1,96,000 మంది జంగములు ఆనాడు ఆ కొద్ది బియ్యముతోనే తృప్తులైరని వీరశైవ సంప్రదాయము వర్ణించుచున్నది.

ఈ సంఖ్యను భక్తితో నమ్మువారు నమ్ముదురు. చరిత్రదృష్టితో చూచువారు దానిలోని అర్థమును గ్రహింతురు. ఎవరు ఏ విధముగా చూచినను ఒక విషయము స్థిరము. ఈ కథలో మహామంత్రి పంక్తిలో కూర్చున్నాడు. ఆయ్దక్కి లక్కమ్మ వడ్డించుచున్నది. ఇచ్చు చేయి, పుచ్చుకొను చేయి స్థానములు మారినవి. ఎల్లకాలము పుచ్చుకొనువాడుగానే పేదవానిని చూచువారికి ఇదియొక దర్పణము. పల్లెలలో అతిథికి ముందు పెట్టి తరువాత తినునది గడ్డివాముల పెద్దయిండ్లు మాత్రమే కావు. గుడిసెలలోను ఆ ధర్మము నిలిచియున్నది.

అపార్థము చేసికొనరాదు

లక్కమ్మ చరిత్రను కొందరు వేరొక విధముగ వాడుకొనుట కలదు. చూడుడు, ఆమె ఎక్కువ వద్దన్నది, కావున పేదలు ఉన్నదానితో తృప్తిపడవలెనని వారు బోధింతురు. ఇది ఆ తల్లికి చేయు అపచారము. లక్కమ్మ వద్దన్నది తన శ్రమకు మించి, అనుమానముతో చల్లబడిన బియ్యమును. తన శ్రమకు న్యాయముగ రావలసిన దానిని ఆమె వద్దనలేదు. కూలి తగ్గించి, తృప్తిని బోధించు యజమానికి ఆమె పేరు చెప్పుకొను హక్కు లేదు. మనసు శుద్ధమైనవానికి పేదరికము లేదను ఆమె భావమును తిరుగవేసి, పేదవానికి మనసు శుద్ధము కాదని చెప్పుట అంతకంటె పెద్ద అపచారము. ఆశ రాజుల గుణమని ఆమె స్పష్టముగ పలికినది. ఆశను పేదవాని గుణముగా చూపుట ఆమె మాటకు విరుద్ధము. ఆమె నిరాడంబరత ఆమె స్వయముగా ఎంచుకొన్న వ్రతము. ఇతరులు వేసిన బంధము కాదు.

కర్మసిద్ధాంతమును గూర్చియు ఇట్లే. కాయకముచేతనే కైలాసము సిద్ధించునప్పుడు పుట్టుకచే వచ్చిన తక్కువతనమునకు చోటెక్కడ? పేదరికము పూర్వకర్మఫలమని చేతులు ముడుచుకొనువారికి శరణుల వీధిలో స్థానము లేదు.

పాలమూరు నేలమీద

ఈ విషయము తిమ్మాజిపేట, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతముల వారికి దూరపు ముచ్చట కాదు. తిమ్మాజిపేట 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరుటకు పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. ఆ జిల్లా పేరుతోనే పాలమూరు లేబరు అను మాట దేశమంతట వ్యాపించినది. నాగార్జునసాగరము మొదలుకొని ఎన్నో ఆనకట్టల, కాలువల మట్టిని మోసినది ఈ సీమ తల్లిదండ్రులు. మేస్త్రీ వద్ద ముందుగా బయానా తీసికొని, ముసలివారిని పిల్లలను ఊరిలో విడిచి, ఆ అప్పు తీరువరకు దూరదేశములలో గుడారముల క్రింద పనిచేసిరి. తమ పొలములకు నీరు లేనివారు ఇతరుల పొలములకు నీరు పారించిరి.

అట్టివారిని గూర్చియే సోమరులని, త్రాగుబోతులని, నిలకడలేనివారని పలికినవారు కలరు. సోమరులైనచో గుత్తేదారులు వారినే వెదకుకొనుచు ఇంతదూరము వచ్చుట ఏల? నిలకడ లేనివారైనచో ప్రతి సంవత్సరము పండుగకు ఊరు చేరి, ముసలితల్లికి గ్రాసము అమర్చి, మరల బయలుదేరుట ఏల? వారికి కొరవడినది శ్రమ కాదు. నీరు, తగిన కూలి, అప్పు లేని ఒక్క సంవత్సరము కొరవడెను.

2006లో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనప్పుడు మొదటి విడతలోనే మహబూబునగరు జిల్లా చేరినది. దానివలన జనులు పనిచేయుట మరతురని అనేకులు ఆక్షేపించిరి. ఆ పథకమున మట్టిపనికి కూలి త్రవ్విన కొలతను బట్టి లెక్కింపబడెను. ఎండలో గడ్డపార పట్టి గుంట కొలతకు తూగునంత త్రవ్వినవారిని సోమరులనుట ఎట్లు న్యాయము? అర్థశాస్త్రములో 2019లో నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశములలో ప్రభుత్వములు నడిపిన ఏడు నగదు సహాయ పథకముల ఫలితములను పరిశీలించి 2017లో ప్రకటించిరి. సహాయము పొందినవారు పని మానుకొనిరనుటకు క్రమబద్ధమైన నిదర్శనమేదియు వారికి కనబడలేదు. నేటి పండితులు లెక్కలతో తేల్చిన సంగతిని, లక్కమ్మ 12వ శతాబ్దిలో ఒక మూటను తిరిగి పంపి తేల్చినది.

నిలిచిన వాక్కు

1167 ప్రాంతమున బిజ్జలుని వధతో కల్యాణము అల్లకల్లోలమయ్యెను. శరణులు చెల్లాచెదరైరి. వారి వచనములు తాళపత్రములలో మిగిలెను. 15వ శతాబ్దిలో రూపొందిన శూన్యసంపాదనె యను గ్రంథమునందు ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల ప్రసంగమునకు ప్రత్యేకస్థానము లభించెను. తరువాత బిజాపురమునకు చెందిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి ఊరూర తిరిగి తాళపత్రములను సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించెను. ఆ మహనీయుడును తన సంపాదనను అచ్చుకూటమునకు ధారపోసి పేదరికములోనే జీవించెను. లక్కమ్మవి ఇంచుమించు 25 వచనములు నేడు లభించుచున్నవి. చక్రవర్తుల భార్యల పేర్లు ఎన్నియో మరుగున పడిపోయిన దేశములో, గింజలేరిన ఇల్లాలి పలుకులు ఎనిమిది శతాబ్దములు దాటి నిలిచినవి.

వీరశైవ కుటుంబములు, మఠములు ఈ చరిత్ర నుండి గ్రహింపవలసినది స్పష్టము. దాసోహమునందు పంక్తిలో కూర్చున్నవారిని పేరు, కులము, అవసరము అడిగి అనుమానించుట దాసోహము కాదు. పుచ్చుకొనువానిని తక్కువగా చూచి ఇచ్చినది ఎంతయైనను, అది ముంగిట చల్లిన పరీక్షబియ్యమే. మఠములో ఊడ్చువారు, వంటచెరకు తెచ్చువారు, విస్తళ్లు కుట్టువారు కూడ దాసోహకర్తలే యని గుర్తించి, వారి కూలిని కొలతకు తగ్గకుండ సకాలమున ఇచ్చుట మొదటి ధర్మము. వారి మాటకు సభలో చోటు ఇచ్చుట రెండవ ధర్మము. పేద విద్యార్థికి వసతిగృహములో అన్నము పెట్టునప్పుడు అతని కృతజ్ఞతకు ఎదురుచూడక, రేపు అతడు వడ్డించు చేయి కాగలడని నమ్ముట మూడవ ధర్మము.

పేదవానిని చూచినప్పుడు అతని మనసులో ఆశయున్నదాయని వెదకుటకు ముందు, చూచువాని మనసులో అనుమానమున్నదాయని వెదకుకొనవలెను. ఆయ్దక్కి లక్కమ్మ అడిగిన ప్రశ్న ఇదియే. ప్రతి దాత ఆ ప్రశ్నను తనకు తాను వేసికొన్ననాడు ఆ శరణికి చేసిన శరణార్థి సార్థకమగును.